తొమ్మిదో అంకె

బతూమి రేవు ఆఫీసులో
మౌసు తీగని ఎలుక కొరికేసింది.
నవ్వకండి, నిజంగానే.
గోధుమ ఓడలు ఆగే చోట ఎలుకలకేం కొదవ?

కొత్తదానికి అర్జీ పెట్టాం.
అర్జీ తిబిలిసి దాకా వెళ్లి
ఏదో సంతకం గుమ్మంలో చతికిలబడింది.
ఈలోగా త్సియాలా
చిటికెన వేలిని కంట్రోల్ మీటకి కట్టేసి
మిగతా వేళ్లని మేతకి వదిలింది.

ఆమె తెర మీద ట్యాబుకో పని:
ఒకటి నొక్కితే పోతి నుంచి వస్తున్న టగ్గు,
రెండు నొక్కితే ఇస్తాంబుల్ దాటిన సిమెంటు ఓడ,
మూడు గాలి, నాలుగు అలల ఎత్తు,
ఐదులో పైలట్ల డ్యూటీ పట్టీ.
ఆ తర్వాతవి నేను అడగలేదు.

నా దగ్గర నలభై మూడు.
ఆఖరి బస్సులో జనంలా ఒకదాన్నొకటి నెట్టుకుని
పేర్లు పోగొట్టుకున్నాయి.
ఏది ఏదో తెలియక బాణం గుర్తుతో తడుముకుంటాను,
చీకట్లో చెప్పులు వెతుక్కున్నట్టు.

"చూడకుండా ఎట్లా నొక్కుతావు?"
"అకార్డియన్ ఎడం చేతి మీటలు
ఎవరైనా చూసి నొక్కుతారా?"
సముద్రపు ఒడ్డు హోటళ్లలో ఇరవై రెండేళ్లు వాయించిందట.
ఒకే గదిలో మూడేళ్లుగా ఉన్నాం.
ఆ సంగతి ఆ రోజే తెలిసింది.

నేర్పింది.
కంట్రోల్ పట్టుకుని ట్యాబ్ తడితే పక్కింటికి,
షిఫ్ట్ కూడా కలిపితే వెనకింటికి.
టి కొట్టు, ఖాళీ స్థలం. డబ్ల్యూ కొట్టు, తలుపు మూత.
"ఎనిమిది దాకా లెక్క ప్రకారం పోతుంది.
తొమ్మిదికి లెక్క లేదు.
పదమూడున్నా, నీలాగా నలభై మూడున్నా
తొమ్మిదంటే ఆఖరిదే."
అన్నీ నొక్కి చూపించింది.
తొమ్మిదిని నోటితో చెప్పి ఊరుకుంది.

ఫిబ్రవరి. పొగమంచు.
రేడియోలో పైలట్ జుంబెర్
"రెండో బెర్తు ఖాళీయేనా, ఎవరైనా ఉన్నారా అసలు?" అంటున్నాడు.
ఒక్క ట్యాబు మూయబోయాను,
షిఫ్ట్ మీద వేలు పడింది.
కిటికీకి కిటికీయే మునిగిపోయింది.
వెనక ఇంకో చిన్న కిటికీ తేలింది.
అందులో, మధ్యాహ్నం తిన్న హాచాపురి కొట్టు
ధరల పట్టీ.

త్సియాలా కుర్చీతో సహా దొర్లుకుంటూ వచ్చింది.
కంట్రోల్, షిఫ్ట్, టి.
మూడు మీటలు, ఒకే స్వరంలా.
నలభై మూడూ లేచి నిలబడ్డాయి.
సగం నింపిన బెర్తు ఫారం మాత్రం
తెల్లగా, ఏమీ ఎరగనట్టు వచ్చింది.
ఓడ పేరు లేదు, పొడవు లేదు, సరుకు లేదు.
"చిరునామాలే తిరిగొస్తాయి.
రాసింది మళ్లీ రాసుకో," అని
నా భుజం మీదుగా మైకు అందుకుని
"ఖాళీయే జుంబెర్, మెల్లగా రా" అంది.

నాలుగింటికి మంచు విడిచింది.
నేను నిద్ర నటిస్తున్నాను.
ఆమె కుడి వేలు పై వరసకి పాకింది. తొమ్మిది.
పాత వస్తువులు అమ్మే పేజీ.
ఎర్ర అకార్డియన్, నూట ఇరవై బాసు మీటలు,
ఒక భుజం పట్టీ మార్చినది.
ఫోటో మీద అడ్డంగా 'అమ్ముడుపోయింది'.
కిందికి జరపలేదు, పైకి జరపలేదు.
ఎడం చేతి వేళ్లు మాత్రం
బల్ల అంచు కింద కాసేపు కదిలాయి.
తర్వాత ఒకటి నొక్కింది.
టగ్గు ఇంకో అరగంటలో వస్తుంది.

మార్చిలో కొత్త మౌసు వచ్చింది.
డబ్బా ఎవరూ విప్పలేదు.
ఎలుకల కోసం తెచ్చిన పిల్లి దాని మీదే పడుకుంటోంది,
ఈ ఒక్కదాన్నైనా కదలనివ్వకూడదని కాబోలు.

నేను ముప్పై ట్యాబులు మూసేశాను.
మిగిలిన వాటిలో ఆఖరున
ఏది ఉంచుకోవాలో తేలడం లేదు.
ప్రస్తుతానికి తొమ్మిది నొక్కితే
హాచాపురి ధరలు వస్తాయి.